ముగ్గురాయి పుట్టిన చోటు

వేసవి ముదిరిందంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట రోహిణి కార్తె మాట వస్తుంది. రోళ్ళు పగిలే ఎండలంటారు. ఆ పైన మృగశిర, దాని వెనకే ఆరుద్ర. హోసూరు వాళ్ళయినా, బళ్ళారి వాళ్ళయినా, బరంపురం వాళ్ళయినా, తరతరాలుగా అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళ మాటలో పక్క భాష ముక్కలు నాలుగు చేరి ఉండవచ్చు గాని, కార్తెల పేర్లు మాత్రం ఎవరూ పోగొట్టుకోలేదు. ఆ పేర్లన్నీ నక్షత్రాలవే. వాటిలో నాలుగింటిని ఈ రోజు ప్రత్యేకంగా తలచుకుందాం. రోహిణి, ఆరుద్ర, స్వాతి, జ్యేష్ఠ. వీలున్నప్పుడు మేడ మీదికి వెళ్ళి, తెలిసిన వాళ్ళని అడిగి, ఈ నాలుగింటినీ గుర్తుపట్టి చూడండి. మిగిలిన చుక్కలు తెల్లగానో నీలంగానో మెరుస్తుంటే, ఇవి నాలుగూ నిప్పుకణికలా ఎర్రగానో, నారింజపండు రంగులోనో ఉంటాయి.

ఆ ఎరుపు వార్ధక్యానికి గుర్తు. ఈ నాలుగూ పెద్దవయసు నక్షత్రాలు, ఒళ్ళు ఉబ్బి మహాకాయాలైనవి. స్వాతి మన సూర్యుడి కంటే అడ్డంగా సుమారు 25 రెట్లు, రోహిణి సుమారు 45 రెట్లు. ఆరుద్ర, జ్యేష్ఠల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటిలో ఒకదాన్ని తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే మన భూమి దాని కడుపులో ఉంటుంది. ఇక్కడ వార్ధక్యం అంటే ఏళ్ళ లెక్క కాదని గమనించాలి. ఆరుద్ర పుట్టి కోటి ఏళ్ళు అటూ ఇటూ. మన సూర్యుడికి 460 కోట్లు. కాని బరువైన నక్షత్రం తన ఇంధనాన్ని దుబారాగా ఖర్చు చేసి త్వరగా ముసలిదవుతుంది.

ఈ ముసలి నక్షత్రాల లోపల ఏం జరుగుతుంది, అది మనకెలా తెలిసింది అన్నదే ఈనాటి ప్రసంగం. కథ దూరదేశాల్లో చాలా దూరం నడుస్తుంది గాని, మొదలు మాత్రం మన గడప దగ్గరే.

1868 ఆగస్టు 18. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ దక్కను మీదుగా సాగి కృష్ణా తీరాన సముద్రంలోకి దిగింది. ఆ దారి పొడవునా దుర్భిణీలు నిలిచాయి. కన్నడ దేశంలో జమఖండి దగ్గర ఒక బృందం, గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్‌సన్. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును గాజుపట్టకం గుండా పోనిచ్చి రంగులుగా విడదీసి చూడటం వాళ్ళు తలపెట్టిన పని. ప్రతి మూలకానికీ ఆ రంగుల పట్టీలో తనవైన గీతలుంటాయి, మనిషికి వేలిముద్రల్లాగ. ఆ రోజు కనిపించిన గీతల్లో ఒక పసుపుపచ్చ గీత ఉంది. మొదట అది మన ఉప్పులో ఉండే సోడియందే అనుకున్నారు. కొద్ది నెలల్లో ఇంగ్లండులో లాకియర్ గ్రహణంతో పని లేకుండానే సూర్యుడి అంచును పరీక్షించి, ఆ గీత సోడియం చోటులో లేదని తేల్చాడు. భూమి మీద ఎవరూ ఎరగని ఆ పదార్థానికి సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అని పేరు వచ్చింది. 1895 లో గాని రామ్సే దాన్ని భూమి మీద పట్టుకోలేకపోయాడు.

హీలియం గుంటూరులో పుట్టిందని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవచ్చు. కాని జాన్సెన్ గుంటూరులో సాధించిన అసలు ఘనత, గ్రహణం లేని రోజుల్లో కూడా ఆ మంటలను చూడవచ్చునని కనిపెట్టటం. ఆ పసుపు గీతను కొత్త మూలకమని ఆయన ఆ రోజున అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే మన గుంటూరుకు వచ్చే లోటేమీ లేదు.

అదే గ్రహణానికి మద్రాసు నక్షత్రశాల నుంచి ఇంకొక బృందం వనపర్తి వెళ్ళింది. దాని నాయకుడు దొర కాదు. చింతామణి రఘునాథాచారి. పంచాంగ గణితం ఎరిగిన వాడు, చిన్నతనంలోనే నక్షత్రశాలలో చేరి మొదటి సహాయకుడి దాకా ఎదిగినవాడు. నుంగంబాక్కంలో ఆ నక్షత్రశాల ఉన్న ఆవరణ ఇప్పుడు వాతావరణ శాఖ వారిది. అక్కడ 1792 నాటి నల్లరాతి స్తంభం ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ కట్టడం సంగతి దాని మీద మరి మూడు భాషలతో పాటు మన తెలుగులో కూడా చెక్కించారు. చెన్నపట్నంలో ఉన్నవాళ్ళు ఎప్పుడైనా అటు వెళితే జ్ఞాపకం పెట్టుకోండి.

రఘునాథాచారి ఉద్యోగం రాత్రుళ్ళు నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టిక రాయటం. ఆ పనిలో ఉండగా 1867 జనవరిలో దక్షిణ దిక్కున ఒక నక్షత్రం వెలుగు నిలకడగా లేదని గ్రహించాడు. దాని పేరు ఆర్ రెటిక్యులి. మద్రాసు నుంచి చూస్తే అది ఎంత పైకి వచ్చినా నేలకు 14 డిగ్రీల ఎత్తు దాటదు. సుమారు 278 రోజులకొకసారి ప్రకాశించి మళ్ళీ మసకబారే నక్షత్రం అది. తరువాత ఆయన లండన్‌లోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీకి ఫెలోగా ఎన్నికైన మొదటి భారతీయుడయ్యాడు. 1880 లో కన్నుమూశాడు. తాను పట్టుకున్నది ఒక ముసలి నక్షత్రాన్ని అనీ, అది ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉందనీ, దాని కడుపులో కొత్త పదార్థాలు ఉడుకుతూ ఉండవచ్చుననీ ఆయనకు తెలిసే వీల్లేదు. అది తెలియటానికి ఇంకా ఎనభై ఏళ్ళు పైగా కావలసి వచ్చింది.

ఆ ఎనభై ఏళ్ళలో ఏం జరిగింది? 1920 లో మేఘనాథ్ సాహా ఒక సూత్రం చెప్పాడు. నక్షత్రపు వేడిని బట్టి గీతల బలం ఎలా మారుతుందో అది చెబుతుంది. దాన్ని చేతబట్టి సిసీలియా పేన్ అనే యువతి 1925 లో అమెరికాలో తన సిద్ధాంత గ్రంథం రాసింది. నక్షత్రాలు ముప్పాతిక మువ్వీసం హైడ్రోజన్, హీలియంలే అని ఆమె లెక్క తేల్చింది. ఆ రోజుల్లో పెద్దలందరూ నక్షత్రాలు భూమి లాగే ఇనుము, మన్ను అనుకునేవారు. రస్సెల్ అనే పేరుపొందిన ఆచార్యుడు అది అసాధ్యమన్నాడు. పాపం, ఆమె తన గ్రంథంలోనే ఆ ఫలితం నిజం కాకపోవచ్చునని రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళకు ఆ ఆచార్యుడే సొంత దారిన అదే మాట దగ్గరికి వచ్చాడు.

సరే, నక్షత్రం హైడ్రోజన్‌ను మండించి హీలియం చేస్తుందని 1939 నాటికి స్థిరపడింది. మరి మన ఒంట్లో కర్బనం, గాలిలో ప్రాణవాయువు, ఇంట్లో సీసం, ఇత్తడి, ఇవన్నీ ఎక్కడివి? దీని మీద పెద్ద తగాదా నడిచింది. సృష్టి మొదట్లో ఆ మహా విస్ఫోటనంలోనే అన్నీ ఒక్కసారిగా తయారై ఉంటాయని జార్జి గామోవ్ వర్గం 1948 లో వాదించింది. కాదు, నక్షత్రాల్లోనే వండబడతాయని ఇంగ్లండులో ఫ్రెడ్ హాయిల్ పట్టుబట్టాడు. గామోవ్ దారికి ఒక అడ్డు ఉంది. బరువు 5 గల కేంద్రకం గాని, 8 గల కేంద్రకం గాని నిలవదు. పుట్టిన మరుక్షణం విడిపోతుంది. రెండు మెట్లు విరిగిన నిచ్చెన మీద పైకెక్కటం ఎలా?

హాయిల్ దారికీ ఆ అడ్డు ఉంది. మూడు హీలియం కేంద్రకాలు దాదాపు ఒక్కసారిగా కలిస్తే కర్బనం వస్తుందని సాల్పీటర్ లెక్క వేశాడు. ఆ పని జరగాలంటే పది కోట్ల డిగ్రీల వేడి, గట్టి ఒత్తిడి ఉండాలి. అవి ముసలి నక్షత్రాల నడిగర్భంలో మాత్రమే ఉంటాయి. అయినా లెక్కలో కర్బనం చాలటం లేదు. అప్పుడు హాయిల్ 1953 లో ఒక సాహసం చేశాడు. కర్బన కేంద్రకానికి ఫలానా చోట, అంటే 76 లక్షల 50 వేల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒక శక్తిస్థాయి ఉండి తీరాలి, లేకపోతే మనం లేము అన్నాడు. కాలిఫోర్నియాలో విలియం ఫౌలర్ మొదట నమ్మలేదు. ఆయన ప్రయోగశాలలో వెతికి చూస్తే ఆ స్థాయి సరిగ్గా అక్కడే ఉంది.

ఇది బలమైన వాదనే గాని కళ్ళారా చూసిన సాక్ష్యం కాదు. ఆ సాక్ష్యం అంతకు ఏడాది ముందే మౌంట్ విల్సన్ నక్షత్రశాలలో దొరికింది.

పాల్ మెరిల్ అనే శాస్త్రజ్ఞుడికి అప్పటికి అరవై నాలుగేళ్ళు. జీవితమంతా ఎర్రటి, చల్లటి, వెలుగు మారే నక్షత్రాలనే చూస్తూ గడిపినవాడు. మన రఘునాథాచారి పట్టుకున్న దానికి దగ్గర బంధువులు అవి. 1952 లో వాటిలో కొన్నింటి వర్ణపటంలో ఆయనకు టెక్నీషియం గీతలు కనిపించాయి. ఆ మాటకు లోకం ఎందుకు ఉలిక్కిపడిందో చెప్పాలంటే టెక్నీషియం గురించి రెండు మాటలు చెప్పాలి. ఇది 43 వ మూలకం. మెండలీఫ్ పట్టికలో ఆ గడి చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. 1937 లో ఇటలీలోని పలెర్మోలో సెగ్రే, పెరియే ఇద్దరూ, అమెరికా యంత్రంలో అణుకణాల తాకిడి తిన్న మాలిబ్డినం రేకులో దాన్ని కనుక్కున్నారు. మనిషి చేతి మీదుగా పుట్టిన మొదటి మూలకం. ఆ పేరుకు అర్థం కూడా కృత్రిమం అనే. ఇది నిలవదు. నక్షత్రాల్లో తయారయ్యే రకం ప్రతి 2 లక్షల 11 వేల ఏళ్ళకు సగం తరిగిపోతుంది. అన్నిటి కన్నా ఎక్కువ కాలం నిలిచే రకం కూడా 42 లక్షల ఏళ్ళకు సగమవుతుంది. భూమి పుట్టిననాటి టెక్నీషియం అందుకే మనకు మిగల్లేదు.

తెల్లవారుజామున మీరు వీధిలో నడుస్తున్నారు. ఒక ఇంటి ముందు కళ్ళాపి తడి ఇంకా ఆరలేదు. ఎవరినీ అడగనక్కర్లేదు, ఆ ఇల్లాలు ఇప్పుడే లేచి వాకిట్లో నీళ్ళు చల్లిందని తెలిసిపోతుంది. టెక్నీషియం ఆ తడి. నక్షత్రం వయసు కోట్లు, వందల కోట్ల ఏళ్ళు. దానిలోని ఈ మూలకం ఆయువు లక్షల ఏళ్ళు. పుట్టుకతో తెచ్చుకున్నదైతే ఎప్పుడో ఆరిపోయి ఉండాలి. కాబట్టి ఆ నక్షత్రం దాన్ని తన ఇంట్లో, ఈమధ్యనే, తయారు చేసుకుంది. తగాదా తీరింది. హైడ్రోజన్, హీలియంలలో అధికభాగం ఆది నుంచీ ఉన్నవే, అంతవరకు గామోవ్ మాట నిలిచింది. తక్కిన వాటికి నక్షత్రాలే పుట్టిల్లు.

ఇప్పుడు ఆ ఇంటి లోపలికి తొంగి చూద్దాం. నక్షత్రం నడిబొడ్డున హైడ్రోజన్ అయిపోగానే అక్కడ హీలియం బూడిదలా పేరుకుంటుంది. ఆ బూడిద ముద్ద తన బరువుకు తానే కుంగి వేడెక్కుతుంది. దాని చుట్టూ ఒక పొరలో హైడ్రోజన్ ఇంకా జోరుగా మండుతుంది. ఆ వేడికి పైభాగం పాలపొంగులా ఉబ్బుతుంది. ఉబ్బినది చల్లబడుతుంది, చల్లబడ్డది ఎర్రబడుతుంది. రోహిణిని అలా చూస్తున్నాం మనం. తరువాత హీలియం కూడా అంటుకుని కర్బనమవుతుంది, కొంత ఆక్సిజన్ అవుతుంది. అదీ నడుమ అయిపోయాక కర్బనపు ముద్ద చుట్టూ హీలియం పొర, దాని చుట్టూ హైడ్రోజన్ పొర, రెండు పొయ్యిలు వంతులవారీగా మండుతాయి. లోపలి పొయ్యి వేల ఏళ్ళు, ఒక్కోసారి లక్ష ఏళ్ళు, నివురుగప్పి ఉండి ఉన్నట్టుండి భగ్గుమంటుంది. అలా భగ్గుమన్న తరువాత పై పొరలు కవ్వం పెట్టి చిలికినట్టు లోతుకు దిగి, అడుగున ఉన్న సరుకును ఉపరితలానికి తెస్తాయి. మెరిల్‌కు కనిపించింది అలా పైకి వచ్చిన సరుకే.

ఆ రెండు పొయ్యిల సందులో ఒక చిత్రమైన పని జరుగుతుంది. కర్బనంలో బరువు 13 గల రకం హీలియంతో కలిసినప్పుడు ఒక న్యూట్రాన్ బయటపడుతుంది. న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు గనక ఏ కేంద్రకంలోకైనా అడ్డు లేకుండా జొరబడగలదు. పుట్టుకతో నక్షత్రంలో ఉన్న కాస్త ఇనుము దాన్ని మింగుతుంది. కొన్నేళ్ళకో కొన్ని పదుల ఏళ్ళకో ఇంకొకటి మింగుతుంది. మింగినది అరగకపోతే లోపలి న్యూట్రాన్ ఒకటి ప్రోటాన్‌గా మారుతుంది, మూలకం పట్టికలో ఒక గడి పైకి జరుగుతుంది. ఇలా నింపాదిగా, వైకుంఠపాళిలో ఒక్కొక్క పందెం వేసినట్టు, ఇనుము నుంచి స్ట్రాన్షియం, ఇట్రియం, జిర్కోనియం, బేరియం, చివరికి సీసం, బిస్మత్ దాకా. బిస్మత్ పైన పెద్దపాము ఉంది. అక్కడ ఇంకొక న్యూట్రాన్ మింగితే కేంద్రకం నిలవలేక విరిగి మళ్ళీ సీసంలోకి జారుతుంది. అందుకని యురేనియం ఈ దారిన పుట్టదు. బంగారం కూడా చాలావరకు వేరే దారిదే. అవి క్షణాల్లో న్యూట్రాన్లు కురిసే చోట పుట్టవలసిందే. 2017 లో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు అలాంటి చోటు ఒకటి కంటబడింది. మన ప్రసంగం నింపాది దారి గురించి గనక దాని జోలికి పోవటం లేదు.

ఈ వంటకాలన్నిటినీ వరసపెట్టి చెప్పిన వ్యాసం 1957 లో వచ్చింది. నూరు పేజీలు దాటిన వ్యాసం. రాసినవాళ్ళు నలుగురు. మార్గరెట్ బర్బిడ్జ్, ఆమె భర్త జెఫ్రీ, ఫౌలర్, హాయిల్. ఇదే సంగతిని అదే ఏడాది కామెరాన్ ఒంటరిగా తేల్చాడు. మార్గరెట్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1950 లలో మౌంట్ విల్సన్ దుర్భిణీ వాడుకునే హక్కు ఆడవాళ్ళకు లేదు. భర్త పేరు మీద అనుమతి తీసుకుని, ఆయనకు సహాయకురాలిగా కొండెక్కి, పరిశీలనలు ఆమె చేసేది. జెఫ్రీ సిద్ధాంతాల మనిషి. బేరియం మోతాదు మించి ఉన్న ఒక మహాతారను దంపతులు విశ్లేషించి, ఏ మూలకం ఎన్ని రెట్లు పెరిగిందో లెక్కకట్టారు. ఆ లెక్క న్యూట్రాన్ల నింపాది దారికి అతికినట్టు సరిపోయింది. 1983 లో ఈ విషయానికి ఫౌలర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది, మన చంద్రశేఖర్‌తో పంచుకుంటూ. హాయిల్‌కు రాలేదు. అది న్యాయం కాదని నా అభిప్రాయం. చాలామంది అభిప్రాయం కూడా.

ఆ బేరియం నక్షత్రాలలో ఒక చిక్కు ఉంది. వాటిలో చాలావరకు బేరియం వండే దశకు ఇంకా రాలేదు. మరి ఎక్కడిది? 1980 లో మెక్లూర్ బృందం, వాటికి కనబడని తోడు ఒకటి ఉందని చూపించింది. ఆ తోడు ఒకప్పుడు మహాతార. వండినదంతా పక్కవాడి మీద కురిపించి, తాను తెల్లని చిన్న ముద్దగా మిగిలిపోయింది. మనకు కనిపిస్తున్నది వారసుడు, ఆస్తి మాత్రం పోయినవారిది.

బేరియం అంటే ఎక్కడో ఆకాశంలో మాట కాదు. కడుపులో పుండు ఉందేమోనని ఎక్స్‌రే తీసేముందు ఆసుపత్రిలో తాగించే తెల్లటి సున్నంలాంటి ద్రవం బేరియందే. కడప సీమలో మంగంపేట గనులు ప్రపంచంలోనే పెద్దవాటిలో చేరతాయి. అక్కడ తవ్వేది బెరైటీసు, బేరియం ఖనిజం. మనవాళ్ళు దాన్ని ముగ్గురాయి అంటారు. ఈ సౌరకుటుంబంలో ఉన్న బేరియంలో నూటికి ఎనభై పాళ్ళు ఇలా ముసలి నక్షత్రాల నింపాది వంటలో తయారైందే. ఒడిశాలో గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుక నుంచి జిర్కాన్ తీస్తారు. అందులోని జిర్కోనియం కూడా చాలావరకు ఆ వంటింటిదే. హైదరాబాదులో అణు ఇంధన గొట్టాలు చేసేదీ, ముక్కుపుడకలో అమెరికన్ డైమండ్ అని పొదిగేదీ ఆ జిర్కోనియమే.

నక్షత్రంలో వండినది మన దాకా ఎలా వచ్చింది? ముసలి నక్షత్రానికి పైపొరల మీద పట్టు ఉండదు. సూర్యుడంత నక్షత్రం చివరికి తన బరువులో సగానికి దగ్గరగా గాలికి వదిలేస్తుంది. ఆ గాలి చల్లబడి మసి కడుతుంది, సన్నని రేణువులు కడుతుంది. అలాంటి రేణువులు కొన్ని కరగకుండా మనకే దొరికాయి. 1969 సెప్టెంబరు 28 న ఆస్ట్రేలియాలో మర్చిసన్ అనే ఊరి దగ్గర ఉల్క పడింది. షికాగో, సెయింట్ లూయిస్ శాస్త్రజ్ఞులు దాన్ని ఆమ్లాల్లో కరిగించి, మిగిలిన మడ్డిలో 1987 నాటికి సిలికాన్ కార్బైడ్ రేణువులను పట్టుకున్నారు. వెంట్రుక మందంలో కొద్ది వంతు ఉంటాయి. వాటిలో కొన్ని సుమారు 700 కోట్ల ఏళ్ళ నాటివని 2020 లో తేలింది. అంటే మన సూర్యుడు, భూమి ఇంకా లేనప్పటివి. ఇంకొక విశేషం వినండి. టెక్నీషియం తరిగి రుథీనియంగా మారుతుంది. అలా మారిన రుథీనియం ఆ రేణువుల్లో ఉందని 2004 లో కొలిచి చెప్పారు. మెరిల్ తడి చూశాడు. ఇది ఆ తడి ఆరిన మరక.

మన దగ్గర ఈ పని ఆగిపోలేదు. హైదరాబాదు నిజామియా నక్షత్రశాలలో తండ్రి ఉద్యోగం చేస్తుండగా అక్కడ పెరిగిన వేణు బప్పు, 1957 లోనే విల్సన్‌తో కలిసి, చల్లని నక్షత్రాల్లోని కాల్షియం గీత వెడల్పును బట్టి అది మహాతారో కాదో, దాని అసలు ప్రకాశమెంతో చెప్పే పద్ధతి కనిపెట్టాడు. తరువాత వాణియంబాడి దాపున జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నది ఆయనే. అక్కడి 2.34 మీటర్ల దుర్భిణీ 1986 లో పని మొదలుపెట్టేనాటికి ఆయన లేరు. బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థలో ఎన్. కామేశ్వరరావు మసి చిమ్ముకుని తానే మాయమయ్యే వింత మహాతారల మీద దశాబ్దాలు పనిచేశారు. అదే సంస్థ నుంచి వచ్చిన భరత్ కుమార్, ఈశ్వర రెడ్డి, వారి సహచరులు 2020 లో సూర్యుడంతటి మహాతారల్లో హీలియం అంటుకునే దశలో లిథియం పుడుతోందని చూపించారు. మీ చేతిలోని ఫోను బ్యాటరీలో ఉన్నదే ఆ లిథియం. అది ఏ విధంగా పుడుతోందన్న దాని మీద వాదాలు ఇంకా సాగుతున్నాయి.

రఘునాథాచారి నక్షత్రం దుర్భిణీ లేనిదే కనపడదు. కాని దాని జాతికి పెద్దది ఒకటి ఉంది. మీరా. 1596 లో ఫాబ్రిషియస్ మొదట గమనించాడు. సుమారు 332 రోజులకొకసారి కొద్దివారాలు కంటికి ఆనుతుంది, తరువాత మాయమవుతుంది. శీతాకాలం రాత్రుళ్ళు రోహిణికి పడమరగా, కాస్త దక్షిణంగా, తిమింగలం రాశిలో వెతకండి. ఒక ఏడాది కనబడకపోతే ఖాళీచోటును గుర్తుపెట్టుకుని మరుసటి ఏడాది మళ్ళీ చూడండి.